అర్ధరాత్రి గొంతుకు అంత అభిమానం ఎలా దక్కింది? రాల్ఫ్ ఎమరీ, కంట్రీ రేడియో: ఒక విశ్లేషణ

క్లుప్తంగా: అమెరికా కంట్రీ సంగీతానికి అరవై ఏళ్లకు పైగా గొంతుగా నిలిచిన రేడియో వ్యాఖ్యాత రాల్ఫ్ ఎమరీ 2022 జనవరి 15న నాష్‌విల్‌లో, 88 ఏళ్ల వయసులో మరణించారు. ప్రధానంగా గాయకుడు కాని మనిషికి గాయకులతో సమానమైన గౌరవం, అంతటి అభిమానం దక్కడానికి ప్రతిభ ఒక్కటే కారణం కాదు. రాత్రిపూట వందల మైళ్లు పాకే మధ్యతరంగ ప్రసారం, ఒక బీమా కంపెనీ వ్యాపార అవసరం, పాటల ఎంపికలో వ్యాఖ్యాతకున్న స్వేచ్ఛ, ఆ వేళకు మెలకువగా ఉండే శ్రోతలు కలిసి ఆ అనుబంధాన్ని నిర్మించాయి. 1996 తర్వాత ఆ అమరిక చాలావరకు కూలిపోయింది. అందుకే ఇలాంటి వ్యాఖ్యాతలు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నప్పుడు శ్రోతలకు కలిగే లోటు ఒక వ్యక్తి మరణం కంటే పెద్దది.

కంట్రీ సంగీతం అమెరికా దక్షిణాది పల్లెల్లోనూ అపలేచియన్ కొండల్లోనూ పుట్టి పెరిగిన పాట. ఫిడేలు, బాంజో, గిటారు దాని వాద్యాలు. తాగుడు, విరహం, పొలం, జైలు, దేవుడు, లారీ ప్రయాణం దాని వస్తువులు. టెనెసీ రాష్ట్రంలోని నాష్‌విల్ దాని రాజధాని. అక్కడి కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో 2007లో ముగ్గురికి చోటు దక్కింది. వారిలో విన్స్ గిల్, మెల్ టిల్లిస్ పేరున్న పాటగాళ్లు. మూడో వ్యక్తి రాల్ఫ్ ఎమరీ. ఇతరుల పాటలు వేసి, పాటగాళ్లతో మాట్లాడడమే ఆయన వృత్తి.

గాయకుడు పోయిన రోజున రేడియోలో ఆయన పాటలు మోగుతాయి. వ్యాఖ్యాత పోయిన రోజున ఏం వినిపించాలన్న ప్రశ్నకు అంత తేలికైన జవాబు లేదు. ఆయన పని ఆ రాత్రికి ఆ రాత్రే గాలిలో కలిసిపోయింది. అయినా 1960ల్లో ఆయన్ను విన్నవారు అర్ధశతాబ్దం తర్వాత కూడా ఆ గొంతును గుర్తుపట్టగలిగారు. ఇది ఎలా సాధ్యమైందో తెలియాలంటే మనిషి కంటే ముందు ఆయన కూర్చున్న స్టేషన్ గురించి తెలుసుకోవాలి.

## బీమా పాలసీలు అమ్మడానికి పుట్టిన స్టేషన్

డబ్ల్యూఎస్‌ఎం రేడియో 1925 అక్టోబర్ 5న నాష్‌విల్‌లో ప్రసారాలు మొదలుపెట్టింది. దాన్ని స్థాపించినది నేషనల్ లైఫ్ అండ్ యాక్సిడెంట్ అనే బీమా కంపెనీ. ‘వి షీల్డ్ మిలియన్స్’ అన్న కంపెనీ నినాదంలోని తొలి అక్షరాలే స్టేషన్ పేరయ్యాయి. అదే ఏడాది నవంబర్ 28న జార్జి డి. హే అనే వ్యాఖ్యాత శనివారం రాత్రి పల్లెపాటల కార్యక్రమాన్ని ప్రారంభించారు. రెండేళ్లకు దానికి గ్రాండ్ ఓల్ ఆప్రీ అన్న పేరు వచ్చింది. 2025లో నూరేళ్లు పూర్తి చేసుకున్న ఆ కార్యక్రమం నేటికీ నడుస్తోంది.

బీమా కంపెనీకి పల్లెపాటలతో ఏం పని? నేషనల్ లైఫ్ ఏజెంట్లు చిన్న చిన్న ప్రీమియంల పాలసీలను ఇంటింటికీ తిరిగి అమ్మేవారు. కొనేవాళ్లు రైతులు, మిల్లు కార్మికులు, చిన్న పట్టణాల సామాన్యులు. తలుపు తట్టిన ఏజెంటు ‘ఆప్రీ ప్రసారం చేసే కంపెనీ నుంచి వచ్చాను’ అంటే లోపలికి రమ్మనేవారు. స్టేషన్ ఎంత దూరం వినిపిస్తే కంపెనీకి అంత లాభం. 1932లో నాష్‌విల్ దక్షిణ శివార్లలో 878 అడుగుల ప్రసార స్తంభం నిలబెట్టి, ప్రసార శక్తిని అమెరికాలో గరిష్ఠంగా అనుమతించే 50,000 వాట్లకు పెంచడంలో ఆ లెక్క ఉంది. నడుమ లావుగా, రెండు కొసలూ సన్నగా ఉండే ఆ స్తంభం ఇప్పటికీ వాడుకలో ఉంది. తర్వాతి కాలంలో దాని ఎత్తు కొంత తగ్గించారు.

పాటను ప్రేమించి పెట్టిన స్టేషన్ కాకపోయినా పాటకు మేలే జరిగింది. వ్యాపార కారణంతో వచ్చిన ఆ విస్తారమైన ప్రసార పరిధి తర్వాత ఎమరీ చేతికి అందింది.

## చీకటి పడ్డాక పాకే తరంగం

ఆ స్టేషన్ తరంగ పౌనఃపున్యం 650 కిలోహెర్ట్జ్. మధ్యతరంగాలు పగలు ఎక్కువగా నేలను అంటిపెట్టుకుని ప్రయాణిస్తాయి. పైకి వెళ్లే తరంగాన్ని భూమికి 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తులో ఉండే అయనీకృత పొర పీల్చేస్తుంది. ఆ పొర సూర్యకాంతి వల్ల ఏర్పడుతుంది కాబట్టి పొద్దుగూకాక దాదాపు మాయమవుతుంది. అప్పుడు తరంగం ఇంకా పైనున్న పొరల దాకా వెళ్లి, అక్కడ వంగి వందల మైళ్ల అవతల నేలకు దిగుతుంది. శీతకాలపు పొడవైన రాత్రుల్లో ఇది మరింత బాగా జరుగుతుంది.

భౌతికశాస్త్రానికి చట్టం తోడైంది. అమెరికా ప్రభుత్వం కొన్ని పౌనఃపున్యాలను ఒక్కో స్టేషన్‌కు ప్రత్యేకించింది. రాత్రిపూట దేశంలో మరే స్టేషన్ ఆ తరంగం మీద ప్రసారం చేయకూడదన్న నియమం ఉండేది. డబ్ల్యూఎస్‌ఎం అలాంటి స్టేషన్లలో ఒకటి. దాంతో పగలు టెనెసీ చుట్టుపక్కలకు పరిమితమైన ప్రసారం రాత్రికి దేశంలో సగానికి పైగా రాష్ట్రాలకూ కెనడాలో కొన్ని ప్రాంతాలకూ చేరేది. 1980లో అమెరికాలో ప్రసారాలను నియంత్రించే సమాచార కమిషన్ ఈ రక్షణను సుమారు 750 మైళ్ల వ్యాసార్ధానికి కుదించి, అంతకు ఆవల ఇతర స్టేషన్లకు అవకాశం ఇచ్చింది. ఎమరీ రాత్రి ప్రసారాలు చేసిన కాలం పూర్తిగా ఆ మార్పుకు ముందుది.

రేడియో సిలోన్‌ను విన్న తెలుగు కుటుంబాలకు ఇలాంటి అనుభవం కొత్త కాదు. 1950ల్లో ఆకాశవాణి సినిమా పాటలకు తలుపులు మూసినప్పుడు శ్రోతలు కొలంబో వైపు ముళ్లు తిప్పారు. అక్కడి నుంచి హ్రస్వతరంగాల మీద వచ్చిన అమీన్ సయానీ గొంతు దేశమంతా వినిపించింది. దగ్గరి స్టేషన్ ఇవ్వనిదాన్ని దూరపు స్టేషన్ ఇస్తే, ఆ దూరమే శ్రోతకు ఆప్తంగా తోస్తుంది. అమెరికా పల్లెల్లో కంట్రీ సంగీతానికి 1950ల చివర ఇదే జరిగింది.

## ఎవరూ కోరుకోని వేళ

రాల్ఫ్ ఎమరీ 1933 మార్చి 10న టెనెసీలోని మెక్యువెన్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. తండ్రి తాగుడు వల్ల ఇల్లు కుదురుగా లేదు. బాల్యంలో ఎక్కువ భాగం అవ్వాతాతల పొలంలో గడిచింది. తర్వాత నాష్‌విల్‌లో ఒక ప్రసార శిక్షణ పాఠశాలలో చేరారు. అక్కడ ఆయనకు పాఠం చెప్పిన జాన్ రిచ్‌బోర్గ్ అదే నగరంలోని మరో 50,000 వాట్ల స్టేషన్ డబ్ల్యూఎల్‌ఏసీలో రాత్రిపూట నల్లజాతి వారి రిథమ్ అండ్ బ్లూస్ పాటలు వేసి దేశమంతటా పేరు తెచ్చుకున్న తెల్లజాతి వ్యాఖ్యాత. ఒకే ఊరి నుంచి రెండు రకాల సంగీతాన్ని రాత్రివేళ దేశం మీదికి పంపిన ఇద్దరు ఇలా గురుశిష్యులు కావడం అమెరికా రేడియో చరిత్రలో అంతగా చెప్పుకోని, చెప్పుకోదగిన విషయం.

టెనెసీలోనే ఉన్న పారిస్ అనే పట్టణంలో తొలి ఉద్యోగం, ఆపై మరికొన్ని చిన్న స్టేషన్లు. 1957లో, 24 ఏళ్ల వయసులో, ఎమరీకి డబ్ల్యూఎస్‌ఎంలో రాత్రంతా సాగే కార్యక్రమం దక్కింది. పేరున్న వ్యాఖ్యాతలు ఆశించే వేళ కాదది. ప్రకటనలిచ్చే పెద్ద కంపెనీలు ఆ సమయాన్ని పట్టించుకునేవి కావు. పై అధికారులు నిద్రపోయే వేళ కావడంతో ఏ పాట వేయాలో, ఎవరితో ఎంతసేపు మాట్లాడాలో నిర్ణయించే స్వేచ్ఛ మాత్రం పూర్తిగా వ్యాఖ్యాతదే.

ఆ సంవత్సరానికి మరో ప్రాముఖ్యం ఉంది. ఎల్విస్ ప్రెస్లీ తెచ్చిన రాక్ అండ్ రోల్ ఉప్పెనలో అంతకుముందు కంట్రీ పాటలు వేసిన ఎన్నో స్టేషన్లు దారి మార్చాయి. 1961 నాటికి అమెరికాలో పూర్తిగా కంట్రీ సంగీతానికే అంకితమైన స్టేషన్లు వందకు లోపే. డబ్ల్యూఎస్‌ఎం కూడా వాటిలో లేదు. శనివారం ఆప్రీ తప్పిస్తే 1970ల చివరి దాకా ఆ స్టేషన్ పగటి ప్రసారాల్లో ఎక్కువ భాగం సాధారణ పాప్ సంగీతమే. అంటే కంట్రీ సంగీతపు ప్రధాన స్టేషన్‌గా ప్రపంచం తలచుకునే చోట, రోజూ ఆ సంగీతం ధారాళంగా వినిపించిన వేళ అర్ధరాత్రే. ఎమరీ పాత్ర అంత పెద్దది కావడానికి ఈ కొరత ముఖ్య కారణం. శ్రోతకు మరో దారి లేదు.

కొరత వినేవారిదే కాదు, పాడేవారిది కూడా. 1960 ప్రాంతంలో లొరెట్టా లిన్ తన తొలి రికార్డు పట్టుకుని భర్తతో కలిసి కారులో ఊరూరా తిరుగుతూ, కనిపించిన రేడియో స్టేషన్ మెట్టల్లా ఎక్కారు. వ్యాఖ్యాత ఒప్పుకుంటేనే పాట వినిపించేది. అలాంటి కాలంలో ఒకే రాత్రి సగం దేశానికి చేరే వ్యాఖ్యాత ఎంత విలువైన మనిషో ఊహించవచ్చు. పరిశ్రమకు కూడా ఇది తెలుసు. నేటి కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ 1958లో ఏర్పడింది. దాని మూలాలు అంతకుముందున్న కంట్రీ రేడియో వ్యాఖ్యాతల సంఘంలో ఉన్నాయి.

ఎమరీ స్టూడియో ఉన్న నేషనల్ లైఫ్ భవనం, ఆప్రీ జరిగే రైమన్ ఆడిటోరియం ఒకే నగర కేంద్రంలో, కొద్దిపాటి దూరంలో ఉండేవి. కచేరీ ముగించుకున్న వారు, బస్సు ప్రయాణంలో ఊరు చేరి నిద్ర పట్టని వారు నేరుగా స్టూడియోకు వచ్చేవారు. ముందే అనుకున్న ప్రశ్నలుండవు, తొందర ఉండదు. కంట్రీ గాయకుడు మార్టీ రాబిన్స్ లాంటి వారు వచ్చి గంటల తరబడి కూర్చునేవారు. టెక్స్ రిట్టర్ 1960ల మధ్యలో కొంతకాలం ఆయన పక్కన సహవ్యాఖ్యాతగా పనిచేశారు. అప్పటికే సినిమాల్లో పాడే కౌబాయ్‌గా పెద్ద పేరున్న మనిషి అర్ధరాత్రి రేడియో బల్ల దగ్గర కూర్చోవడానికి ఇష్టపడ్డారంటే, ఆ బల్లకు అప్పటికే ఎంత గౌరవం వచ్చిందో తెలుస్తుంది.

వినేవాళ్లు ఎవరు? 1956లో మొదలైన అంతర్‌రాష్ట్ర రహదారుల నిర్మాణంతో దూరప్రాంత లారీ రవాణా బాగా పెరిగింది. రాత్రంతా నడిపే డ్రైవర్లకు ఒక స్టేషన్ వదలకుండా రాష్ట్రాలు దాటించే మధ్యతరంగం వరం. వారితో పాటు రాత్రి షిఫ్టు కార్మికులు, నర్సులు, కాపలాదారులు, నిద్రపట్టని రోగులు. వీరంతా ఒంటరిగా వింటున్న వాళ్లు. పగటి రేడియో ఇంట్లో నలుగురి మధ్య మోగుతుంది, రాత్రి రేడియో ఒక్కరి కోసమే మాట్లాడినట్టు ఉంటుంది.

## ఒకవైపు నుంచే ఏర్పడే పరిచయం

ఎమరీ డబ్ల్యూఎస్‌ఎంలో చేరడానికి ఒక ఏడాది ముందు, 1956లో, డొనాల్డ్ హార్టన్, రిచర్డ్ వోల్ అనే పరిశోధకులు ఒక వ్యాసం ప్రచురించారు. రేడియో, టెలివిజన్ వ్యాఖ్యాతలతో ప్రేక్షకులకు ఏర్పడే బంధం నిజమైన స్నేహాన్ని పోలి ఉంటుందనీ, అయితే అది ఒకవైపు నుంచే సాగుతుందనీ వారు వివరించారు. శ్రోతకు వ్యాఖ్యాత అలవాట్లు, ఇష్టాయిష్టాలు, నవ్వే తీరు తెలుసు. వ్యాఖ్యాతకు శ్రోత ఉన్నట్టు కూడా తెలియదు. అయినా ఆ బంధం కల్పన అని కొట్టిపారేయలేం. రోజూ ఒకే వేళకు, ఒకే గొంతు, ఒకే మర్యాదతో పలకరించడం వల్ల కలిగే భరోసా నిజమైనదే.

తెలుగు శ్రోతలు ఇదే బంధానికి చుట్టరికం కలిపారు. మద్రాసు, తర్వాత హైదరాబాద్ కేంద్రాల నుంచి పిల్లల కార్యక్రమాలు నడిపిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు తెలుగునాట రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అయ్యారు. అమెరికాలో ఆ చుట్టరికపు పిలుపు లేదు. దాని స్థానంలో మొదటి పేరుతో పిలిచే చనువు ఉంది. లారీ డ్రైవర్లకు ఆయన ‘రాల్ఫ్’ మాత్రమే.

ఎమరీ పద్ధతిలో ఈ బంధాన్ని పెంచిన అంశం మరొకటి ఉంది. ఆయన తానే కేంద్రమై మాట్లాడే వ్యాఖ్యాత కాదు. వచ్చిన గాయకుడు చెప్పేదాకా ఆగి వినేవారు. శ్రోతకు తాను ఇద్దరు మిత్రుల సంభాషణ పక్కన కూర్చున్న మూడో మనిషినన్న భావన కలిగేది. పెద్ద గాయకులతో చనువు ఉన్న మనిషితో తనకూ చనువు ఉందనిపించడం శ్రోతకు ఆ సంగీతలోకంలో సభ్యత్వం ఇచ్చినట్టే. 1983 నుంచి 1993 దాకా నాష్‌విల్ నెట్‌వర్క్ అనే కేబుల్ చానెల్‌లో ఆయన నడిపిన వారాంతేతర రాత్రి కార్యక్రమం ఈ పద్ధతినే బొమ్మతో సహా చూపించింది. అమెరికా పత్రికలు ఆయన్ను, ప్రసిద్ధ రాత్రి టీవీ వ్యాఖ్యాతతో పోల్చి, కంట్రీ సంగీతపు జానీ కార్సన్ అని రాయడం అప్పుడే అలవాటైంది. అయినా ఆ కార్యక్రమపు నడక రాత్రి రేడియోలో నేర్చినదే.

## గుమ్మం దగ్గర కూర్చున్నవాడి అధికారం

అభిమానంతో చేసే స్మరణలో తరచూ జారిపోయే విషయం ఒకటుంది. ఎంపిక చేసే స్వేచ్ఛ అంటే తిరస్కరించే స్వేచ్ఛ కూడా. 1968లో కాలిఫోర్నియా నుంచి బర్డ్స్ అనే రాక్ బృందం నాష్‌విల్ వచ్చి కంట్రీ పద్ధతిలో రికార్డింగ్ మొదలుపెట్టింది. పొడవు జుట్టు కుర్రాళ్లను ఎమరీ తన కార్యక్రమంలో ఆదరంగా చూడలేదు. వాళ్ల పాటను మెచ్చలేదు. ఆ బృందంలోని రోజర్ మెగ్విన్, గ్రామ్ పార్సన్స్ తర్వాత ఆయన్నే ఎద్దేవా చేస్తూ పాట కట్టారు. నేడు ఆ బృందం చేసిన ప్రయోగాన్ని కంట్రీ రాక్ అనే శాఖకు తొలి అడుగుల్లో ఒకటిగా సంగీత చరిత్రకారులు లెక్కిస్తారు. ఆ రాత్రి స్టూడియోలో ఆ విలువ గుర్తింపు పొందలేదు.

ఇది ఒక మనిషి అభిరుచికి సంబంధించిన విషయమే కాదు. ఆప్రీలో తొలినాళ్ల నుంచి శ్రోతలకు ఎంతో ప్రియమైన నల్లజాతి మౌతార్గాన్ విద్వాంసుడు డిఫోర్డ్ బెయిలీని 1941లో తొలగించారు. ఆయనకు హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు 2005లో, మరణించిన ఇరవై మూడేళ్ల తర్వాత దక్కింది. కంట్రీ రేడియో ఎవరిని తన వాళ్లుగా చూసింది, ఎవరిని బయట నిలబెట్టింది అన్నది ఆ సంగీత చరిత్రలో నేటికీ తేలని ప్రశ్న. ఎమరీ తరం వ్యాఖ్యాతల వెచ్చదనం నిజం. ఆ వెచ్చదనానికి ఒక సరిహద్దు ఉన్నదీ నిజమే. రెండూ కలిపి చెప్పినప్పుడే ఆ తరాన్ని సరిగ్గా అంచనా వేసినట్టు.

## ఒకే వృత్తి, మూడు తీర్లు

ఎమరీని ఇతరులతో పోల్చితే ఆయన ప్రత్యేకత స్పష్టమవుతుంది. టెక్సస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లో డబ్ల్యూబీఏపీ స్టేషన్ నుంచి 1969లో రాత్రి కార్యక్రమం మొదలుపెట్టిన బిల్ మాక్ దాదాపు పూర్తిగా లారీ డ్రైవర్ల మనిషి. పాటల మధ్య వాతావరణం, రోడ్ల పరిస్థితి చెప్పేవారు. డ్రైవర్లకు అది వినోదంతో పాటు పనికొచ్చే సమాచారం. ఆయన 1950ల్లో రాసిన ఒక పాటను 1996లో పదమూడేళ్ల లీయాన్ రైమ్స్ పాడితే దానికి ఉత్తమ కంట్రీ గీతంగా గ్రామీ పురస్కారం వచ్చింది. తర్వాత ఆయన ఉపగ్రహ రేడియోకు మారినా, పాత శ్రోతలు ఆయన వెంటే వెళ్లారు. 2020 జూలై 31న కోవిడ్‌తో, 91 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

బాబ్ కింగ్స్‌లీది వేరే తీరు. 1978 నుంచి ఆయన వారం వారం అగ్రస్థాన గీతాల వరుసను చెప్పే కార్యక్రమాన్ని నడిపారు. ముందే రాసుకుని, రికార్డు చేసి, వందలాది స్టేషన్లకు పంపే కార్యక్రమం అది. ఆశువుగా మాట్లాడడం లేదు, అర్ధరాత్రి అతిథులు లేరు. అయినా ప్రతి పాట వెనుక కథను శ్రద్ధగా సేకరించి చెప్పడం వల్ల ఆయనకూ అభిమానులు ఏర్పడ్డారు. 2019 అక్టోబర్ 17న ఆయన మరణించాక, కొత్త వ్యాఖ్యాత వచ్చిన తర్వాత కూడా కొంతకాలం కార్యక్రమం ఆయన పేరుతోనే నడిచింది. రికార్డు చేసిన గొంతు కూడా ఆప్తం కాగలదనడానికి కింగ్స్‌లీ సాక్ష్యం. దాని వెనుక ఒక మనిషి శ్రద్ధ ఉంటే చాలు.

1995 నుంచి 2020 దాకా డబ్ల్యూఎస్‌ఎంలో సాయంత్రాలు నడిపిన ఎడ్డీ స్టబ్స్ మూడో తీరు. స్వయంగా ఫిడేలు వాద్యకారుడైన ఆయన, పాత తరం కళాకారుడు ఎవరైనా మరణిస్తే ఆ రాత్రి కార్యక్రమాన్ని వారికే అంకితం చేసేవారు. రికార్డుల్లో పేరు కూడా పడని వాద్యకారుల గురించి సైతం తేదీలతో సహా చెప్పేవారు. వ్యాఖ్యాత ఇక్కడ ఒక సంగీతానికి జ్ఞాపకశక్తిగా పనిచేశారు. కంట్రీ సంగీతంలో చనిపోయినవారిని తలచుకునే పద్ధతి రేడియో బల్ల దగ్గరే రూపుదిద్దుకుంది. కళాకారులకు ఆ పని చేసిపెట్టిన వ్యాఖ్యాతలు పోయినప్పుడు, అదే శ్రద్ధతో వారి గురించి రాత్రంతా చెప్పేవారు తక్కువైపోతున్నారు.

## 1996 చట్టం తర్వాత ఏం మారింది

1996 నాటి టెలికమ్యూనికేషన్స్ చట్టం ఒక కంపెనీ దేశమంతా కలిపి ఎన్ని రేడియో స్టేషన్లు సొంతం చేసుకోవచ్చన్న పరిమితిని ఎత్తివేసింది. అంతకుముందు ఆ పరిమితి కొన్ని పదుల్లోనే ఉండేది. కొద్ది సంవత్సరాల్లో ఒక్క క్లియర్ చానెల్ కంపెనీయే 1,200కు పైగా స్టేషన్లకు యజమాని అయింది. ఇన్ని స్టేషన్లు కొనడానికి చేసిన అప్పులు తీర్చాలంటే ఖర్చు తగ్గాలి. అన్నిటికంటే సులువుగా తగ్గే ఖర్చు మనుషుల జీతాలు. అందులోనూ ప్రకటనల ఆదాయం తక్కువగా ఉండే రాత్రి వేళ.

ఇక్కడ సాంకేతికత సాయపడింది. వ్యాఖ్యాత ఒక నగరంలో కూర్చుని తన మాటలు గంటలోపు రికార్డు చేస్తే, కంప్యూటర్ వాటిని పాటల మధ్య అమర్చి నాలుగైదు గంటల కార్యక్రమంగా మరో రాష్ట్రంలో ప్రసారం చేస్తుంది. వినేవారికి ఆయన అక్కడే ఉన్నట్టు తోస్తుంది. ఊళ్లో తుపాను వచ్చినా, గాయకుడు హఠాత్తుగా మరణించినా ఆ గొంతుకు తెలియదు. పాటల జాబితా కేంద్ర కార్యాలయం, సలహాదారులు కలిసి నిర్ణయిస్తారు. అభిప్రాయ సేకరణలో నెగ్గిన కొద్ది పాటలే తిరిగి తిరిగి వస్తాయి. 2015లో ఒక రేడియో సలహాదారు, శ్రోతల సంఖ్య పెరగాలంటే గాయనుల పాటలు వరుసగా వేయకుండా తగ్గించాలని బాహాటంగా సూచించడం పెద్ద వివాదమైంది. ఒకప్పటి గుమ్మం కాపలాదారుడికి పేరూ ముఖమూ ఉండేవి. ఆయనతో వాదించవచ్చు, ఆయన మీద పాట కట్టవచ్చు. నేటి కాపలా లెక్కల పట్టికది.

ఎమరీకి దక్కిన అభిమానానికి మూలమైన అంశాలను ఒక్కొక్కటిగా చూస్తే నష్టం ఎక్కడ జరిగిందో తెలుస్తుంది. పరిధి పోలేదు. బాబీ బోన్స్ లాంటి వారి ఉదయపు కార్యక్రమం నాష్‌విల్ నుంచి వందకు పైగా స్టేషన్లకు చేరుతోంది, దానికి నిజమైన అభిమానులున్నారు. కంట్రీ స్టేషన్ల సంఖ్య కూడా 1960ల కంటే ఎంతో ఎక్కువ. పోయినవి వేళ, తీరిక, స్వేచ్ఛ. అర్ధరాత్రి మెలకువగా ఉన్న మనిషితో అదే క్షణంలో మెలకువగా ఉన్న మరో మనిషి మాట్లాడడం అరుదైపోయింది. 2020 జనవరిలో, అప్పటికి ఐహార్ట్‌మీడియాగా పేరు మార్చుకున్న క్లియర్ చానెల్ కంపెనీ వందలాది ఉద్యోగులను తొలగించినప్పుడు చిన్న, మధ్యస్థాయి నగరాల్లో దశాబ్దాలుగా అలవాటైన గొంతులు చెప్పాపెట్టకుండా ఆగిపోయాయి. వీడ్కోలు చెప్పే అవకాశం కూడా చాలామందికి దక్కలేదు.

శ్రోతలు ఎప్పుడూ మౌనంగా లేరు. 2002 ప్రారంభంలో డబ్ల్యూఎస్‌ఎంను క్రీడా చర్చల స్టేషన్‌గా మార్చాలని అప్పటి యాజమాన్యం ఆలోచిస్తోందన్న వార్త రాగానే అభిమానులు, గాయకులు వీధికెక్కారు. యాజమాన్యం వెనక్కి తగ్గింది. స్టేషన్ నేటికీ కంట్రీ సంగీతమే వినిపిస్తోంది. అయితే అలా కాపాడుకోగలిగేది ప్రసిద్ధి పొందిన ఒకటి రెండు స్టేషన్లనే.

## కారులోంచి పోతున్న మధ్యతరంగం

ఈ సంప్రదాయానికి ఇప్పుడు ఎదురవుతున్న ముప్పు యంత్రం వైపు నుంచి వస్తోంది. విద్యుత్ కార్ల మోటార్లు, వాటి నియంత్రణ పరికరాలు పుట్టించే విద్యుదయస్కాంత అలజడి మధ్యతరంగ ప్రసారాల్లో గరగర శబ్దం తెస్తుంది. దాన్ని అడ్డుకునే కవచం అమర్చడానికి ఖర్చు అవుతుంది. కొన్ని కంపెనీలు ఏకంగా ఏఎం రేడియోను, అంటే మధ్యతరంగ ప్రసారాలు పట్టే రేడియోను, తీసేయడం మొదలుపెట్టాయి. ఫోర్డ్ కూడా అదే బాటలో వెళ్లబోయి, విమర్శలు రావడంతో 2023 మేలో నిర్ణయం మార్చుకుంది. ప్రతి కొత్త వాహనంలో ఏఎం రేడియో తప్పనిసరి చేయాలన్న బిల్లు అదే నెలలో అమెరికా కాంగ్రెస్ ముందుకు వచ్చింది. బిల్లును సమర్థించేవారు ప్రధానంగా చెప్పే కారణం విపత్తుల సమయంలో హెచ్చరికలు. సంగీతం ఆ వాదనలో వెనుక వరుసలో ఉంది. అయినా రాత్రి రహదారి మీద దూరపు స్టేషన్ పట్టుకునే అలవాటు నిలుస్తుందా లేదా అన్నది చాలావరకు ఈ నిర్ణయం మీదే ఆధారపడుతుంది. కార్లలో ఏఎం లేకపోతే 50,000 వాట్ల ప్రసారం నడపడానికి అయ్యే విద్యుత్ ఖర్చుకు ఆదాయం సమకూర్చడం కష్టం.

ఉపగ్రహ రేడియో, పాడ్‌కాస్ట్‌లు ఆ ఖాళీని కొంత పూరిస్తున్నాయి. తీరికగా సాగే సంభాషణ పాడ్‌కాస్ట్‌లో మళ్లీ దొరుకుతోంది. ఆ రకంగా చూస్తే ఎమరీ పద్ధతికి వారసులు ఉన్నట్టే. తేడా ఏమిటంటే పాడ్‌కాస్ట్‌ను ఎవరి వేళకు వారు వింటారు. తనలాగే వేలమంది ఇదే క్షణాన ఇదే మాట వింటున్నారన్న ఎరుక అక్కడ ఉండదు. రాత్రి శ్రోత ఒంటరితనాన్ని తగ్గించినది ఆ ఎరుకే.

## ఏం మిగిలింది

ఎమరీ టెలివిజన్ పని టేపుల మీద ఉంది. వివిధ స్టేషన్లకు పంపడానికి 1970ల్లో డిస్కుల మీద రికార్డు చేసిన ఆయన రేడియో సంభాషణలూ కొన్ని మిగిలాయి. 1991లో వెలువడి విస్తృతంగా అమ్ముడైన ఆత్మకథ ఉంది. అసలు పునాది అయిన రాత్రి కార్యక్రమం మాత్రం ప్రత్యక్ష ప్రసారం. ఆ రోజుల్లో స్టేషన్లు ప్రసారాలన్నీ భద్రపరిచేవి కావు. టేపు ఖరీదైనది, మళ్లీ మళ్లీ వాడుకునేవారు. పాత రేడియోను కాపాడడానికి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ప్రత్యేక బృందాన్ని ఏర్పాటు చేసింది 2014లో. అప్పటికే ఎంతో పోయింది. ఇలాంటి ప్రసారాల్లో చాలావాటికి ఆధారం, ఇంట్లో టేపు యంత్రం పెట్టుకుని ఇష్టం కొద్దీ రికార్డు చేసుకున్న శ్రోతలే.

దొరికిన టేపును అందరికీ వినిపించడమూ తేలిక కాదు. ఒక రాత్రి కార్యక్రమంలో వేసిన ప్రతి రికార్డుకు ఒక హక్కుదారు, ఆ పాట రచనకు మరో హక్కుదారు, ప్రసారానికి స్టేషన్ ఉంటాయి. అందరి అనుమతీ కావాలి. పాటలు తీసేసి మాటలు మాత్రమే ఉంచితే కార్యక్రమపు నడకే పోతుంది. అమెరికాలో 2018లో వచ్చిన సంగీత ఆధునికీకరణ చట్టం పాత రికార్డింగులకు సమాఖ్య రక్షణ కల్పించింది. దాని ప్రకారం 1957 నుంచి 1972 ఫిబ్రవరి మధ్య దాకా విడుదలైన రికార్డుల రక్షణ 2067 ఫిబ్రవరి 15 వరకు కొనసాగుతుంది. ఎమరీ డబ్ల్యూఎస్‌ఎం రాత్రి కార్యక్రమాన్ని నడిపినది 1957 నుంచి 1972 దాకా. ఆ పదిహేనేళ్లలో ఆయన కొత్తగా పరిచయం చేసిన రికార్డులన్నీ దాదాపుగా ఆ పరిధిలోకే వస్తాయి. హక్కుదారులు ముందుకొచ్చి ఒప్పుకుంటే తప్ప, ఆ రాత్రులను ఉన్నవి ఉన్నట్టుగా ప్రచురించడానికి అప్పటిదాకా చట్టపరమైన దారి ఇరుకుగానే ఉంటుంది.